ఏడు పాళ్ల మర్యాద

చచ్చిపోయే ముందు ఫెయ్‌యెన్ చేసిన ఆఖరి పని, వేళ్లు గౌనుకి తుడుచుకోవడం.

"ఛీ, మళ్లీ కారింది!" అంది.

షెన్‌జెన్‌లో ఈ-సిగరెట్ల ఎగ్జిబిషన్. హాలంతా మామిడి పొగ, పుదీనా పొగ, లిచీ పొగ కలిసిపోయి అత్తరు కొట్టు తగలబడినట్టుంది. ఫెయ్‌యెన్ నిలబడిన స్టాలు ముందు సరుకు కొనేవాళ్లకన్నా ఆమెను చూసేవాళ్లే ఎక్కువ. ఎర్ర పట్టు గౌను, జానెడు మడమల చెప్పులు, వేళ్ల మధ్య వెండిరంగు ఈ-సిగరెట్. అయిపోయినప్పుడల్లా ట్యాంకు విప్పి లిక్విడ్ నింపుకునే రకం. విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకునేది. నిజానికి ఆమె క్వాంగ్ సూచిన్ మనిషి.

సూచిన్‌ను చూసి ప్రభుత్వ గూఢచారి అని ఎవరూ అనుకోరు. నలభై దాటిన వయసు, నీలం ఫ్యాక్టరీ కోటు, వేళ్ల కొసలకు రబ్బరు తొడుగులు. షెన్‌జెన్ శివారు షాజింగ్‌లోని ఒక ఈ-సిగరెట్ల ఫ్యాక్టరీలో, ట్యాంకులు కారుతున్నాయో లేదో చూసే పరీక్ష బల్ల దగ్గర ఆమె కొలువు. వేషం కోసం నేర్చుకున్న పని ఒంటికి పట్టేసింది. ఇప్పుడు పక్కింట్లో కుళాయి కారినా ఆమెకు నిద్ర పట్టదు.

"ఈ రకం కారుతుందా?" అని అడిగింది స్టాలు ముందు ఆగి. అది కోడ్.

"నిలబెడితే కారదు. పడుకోబెడితే మాత్రం చెప్పలేం." అది జవాబు. ఆపైన ఫెయ్‌యెన్ పెదాల మీది నవ్వు చెరగకుండానే గొంతు తగ్గించింది. "అక్కా, మీ ఇంట్లో, అదే మీ ఆఫీసులో, మా ముఠా మనిషి ఒకడున్నాడు. పేరు తెలీదు. చాలాకాలంగా ఉన్నాడట. డబ్బు మాత్రం ముట్టడట."

"డబ్బు ముట్టనివాడు దేనికి అమ్ముడుపోయాడే?"

"అదే నాకూ అంతుపట్టలేదు. డబ్బుకి అమ్ముడుపోయేవాళ్లు నాకు కొత్తేం కాదు, రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నా. వీడి బాపతు వేరే."

అప్పుడే ట్యాంకు అడుగునుంచి లిక్విడ్ ఆమె వేళ్ల మధ్యకి జారింది. తుడుచుకుంది. ఇంకో కస్టమర్ కేసి తిరిగి నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే మోకాళ్ల మీద కూలిపోయింది.

అంబులెన్సు వాళ్లు గుండెపోటన్నారు. స్టాలు యజమాని జనంలో కలిసి మాయమయ్యాడు. నేల మీద దొర్లుతున్న ఈ-సిగరెట్‌ను సూచిన్ రబ్బరు వేళ్లతో ఎత్తి సంచిలో వేసుకుంది. ల్యాబ్ ఒక్క మాటే చెప్పింది: పీల్చనక్కర్లేదు, తగిలితే చాలు. చర్మంలోంచి ఇంకే విషం.

*

షాజింగ్ పాతపేటలో, ఆల్చిప్పల గోడల ఇంట్లో బ్రీఫింగ్. ఆ ఇల్లు యావ్ ముచెంగ్‌ది. సెక్షన్ అధిపతి, టీ మర్యాదలకు పేరుపడ్డ చావ్‌జౌ మనిషి, సూచిన్‌కు ఈ విద్య నేర్పిన గురువు. ఆయన టీ కాచుకోవడం చూస్తే ఈ లోకంలో దేనికీ తొందర లేదనిపిస్తుంది. నిమ్మకాయంత కప్పులు. ప్రతి కప్పులోనూ టీ ఒకే చోట ఆగుతుంది: పది పాళ్లలో ఏడు పాళ్ల దగ్గర. గీత గీసి పోసినట్టు.

"రేపు పొద్దున్న విమానానికి రువాన్‌ను బీజింగ్ చేర్చాలి," అన్నాడు యావ్. "విచారణ కమిటీ ముందు నోరు విప్పేదాకా వాడి ముక్కులో ఊపిరి ఆడాలి. అంతే మిషన్."

రువాన్ బోహెంగ్ ముఠాకి విషాలు వండిపెట్టిన కెమిస్టు. ఫెయ్‌యెన్‌ని చంపిన చుక్క కూడా వాడి వంటే. ప్రాణభయం పుట్టి ఇటు దూకాడు. ముఠా మనుషులు ఎవరెవరో, ఎక్కడెక్కడున్నారో వాడి బుర్రలో ఉంది. ఆ బుర్ర ఇప్పుడు వెనక గదిలో దుప్పటి కప్పుకుని గురక పెడుతోంది.

సూచిన్ ఫెయ్‌యెన్ చెప్పిందంతా పూసగుచ్చినట్టు యావ్‌కి చెప్పింది. మనింట్లో ఒకడున్నాడని కూడా చెప్పింది. గురువుకి చెప్పక ఇంకెవరికి చెబుతుంది?

యావ్ టీ కూజా దించాడు. "చాలాకాలంగా ఉన్నవాడు, డబ్బు ముట్టనివాడు... పాంగ్ మీద ఒక కన్నేసి ఉంచు తల్లీ."

పాంగ్ డ్రైవరు. హునాన్ వాడు. నోరు పెద్దది, చెయ్యి మొరటుది. సరిగ్గా అప్పుడే లోపలికొచ్చి, ఎవరూ అడక్కుండానే కూజా అందుకుని సూచిన్ కప్పులో టీ పొంగి బల్ల మీద పారేలా పోశాడు.

"ఒరే ఒరే! టీ నిండా పోస్తే తాగి లేచి పొమ్మని అర్థంరా. ఎన్నేళ్లు చెప్పాలి నీకు?" అన్నాడు యావ్ గుడ్డతో బల్ల తుడుస్తూ. "నిండా పోయాల్సింది సారా. టీ అయితే ఏడు పాళ్లు. ఆపైన మూడు పాళ్లు ప్రేమ."

"మా ఊళ్లో కప్పు నిండకపోతే ఇంటాయన పిసినారి అంటారు పెద్దాయనా. మీ ప్రేమతో దాహం తీరుద్దా?"

సూచిన్ నవ్వింది. తర్వాత చాలాకాలం ఆ నవ్వు ఆమెకు గుర్తొచ్చేది, పంటి కింద రాయిలా.

*

పొద్దున్నే రువాన్ మొండికేశాడు. తన ఈ-సిగరెట్ వెంట లేకపోతే విమానం ఎక్కడట, ఎక్కినా కమిటీ ముందు నోరు విప్పడట.

"నా చేతులు చూడు మేడమ్! ఇట్టా వణుకుతా ఉంటే నా సాక్ష్యం ఎవడు నమ్ముతాడు?"

"సరే. కానీ అది నా దగ్గరుంటుంది. దిగాక, బయట అడుగు పెట్టాక ఇస్తాను."

ట్యాంకు విప్పి సబ్బునీళ్లతో కడిగింది. పాత రబ్బరు వాషరు తీసి కొత్తది వేసింది. లిక్విడ్ పీల్చే దూది ఉన్న కాయిల్ మరను వేళ్లతో బిగించింది. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన సీలు తియ్యని సీసాలోంచి లిక్విడ్‌ను గాజు గోడ వెంబడి నెమ్మదిగా జార్చింది, నడిమి గొట్టంలో చుక్క పడకుండా. యావ్, రువాన్ ఇద్దరూ చూస్తున్నారు.

"అంత నిండా పోస్తావేంటి?" అన్నాడు రువాన్.

"పైన ఖాళీ వదిలితే అక్కడ గాలి ఉంటుంది. విమానం పైకెళ్లే కొద్దీ ఆ గాలి ఉబ్బుతుంది. ఉబ్బి లిక్విడ్‌ను దూదిలోంచి కిందికి తోస్తుంది. గాలికే చోటివ్వకపోతే తోసేవాడే ఉండడు. అందుకే విమానానికి ముందు మెడదాకా నింపాలి, లేదా ఒక్క చుక్క లేకుండా పారబోయాలి. మధ్యేమార్గం పనికిరాదు."

"నా చొక్కాలన్నీ ఆ మధ్యేమార్గంలోనే పోయాయి," అని రువాన్ జేబు మీది మరక చూపించాడు.

యావ్ తల ఊపాడు. "మెడదాకా. మంచి మాట."

ట్యాంకును టిష్యూలో చుట్టి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. గుండెకి ఆనుకునే జేబు. ఆల్చిప్పల మాంసం వేసిన గంజి తాగి, చేతులు కడుక్కోవడానికి వెళ్తూ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. తిరిగొచ్చేసరికి యావ్ ఆ కోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు, కూతురికి తొడిగినట్టు తొడగడానికి. పక్కన పాంగ్ సంచులు మోస్తున్నాడు.

"జాగ్రత్త తల్లీ," అన్నాడు యావ్.

ఎయిర్‌పోర్టు దాకా సూచిన్ కళ్లు పాంగ్ మెడ మీదే ఉన్నాయి. వాడు అద్దంలోంచి ఒకసారి చూసి, "ఏంటక్కా, నా మెడ మీద బల్లి పడిందా?" అని కూడా అడిగాడు. ఆ ధ్యాసలో జేబు తడుముకోవాలన్న సంగతే ఆమెకు తోచలేదు.

*

విమానం రన్‌వే మొదట్లో నిలబడి ఉండగా రువాన్ మోచేత్తో పొడిచాడు.

"ఒక్కసారి చూపించు మేడమ్. తాగన్లే. ఊరికే చూస్తా. జైల్లో ఉన్న మొగుణ్ణి పెళ్లాం చూసొచ్చినట్టు."

పోనీలే అని సూచిన్ టిష్యూ పొట్లం బయటికి తీసి విప్పింది. కిటికీలోంచి వచ్చిన వెలుగు గాజులోంచి దూసుకుపోయింది.

మెడదాకా పోసిన లిక్విడ్ మెడదాకా లేదు.

"తాగావా?"

"ఎట్టా తాగుతా? ట్యాంకు నీ గుండె మీద, బ్యాటరీ నీ సంచిలో. ముక్కుతో ఊదుకున్నానా?"

ఆమె గాజును కళ్ల ఎత్తుకి తెచ్చి నిలబెట్టింది. ఏడు పాళ్లు. గీత గీసి పోసినట్టు.

రువాన్ కూడా చూశాడు. ఆ రంగు కాస్త పచ్చగా ఉండటం చూశాడు. వాడి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. "అది... అది నా వంటే," అన్నాడు.

విమానం పరుగు అందుకుంది. ముక్కు పైకి లేచింది. నేల జారిపోయింది.

పైన మూడు పాళ్ల గాలి. ఉబ్బడానికి సిద్ధంగా ఉన్న గాలి. సూచిన్ కళ్ల ముందు ఫెయ్‌యెన్ వేళ్లు మెదిలాయి. ఇది కారితే ముందు పోయేది తను. ఆ తర్వాత, మర్యాద కొద్దీ తనని పట్టుకోబోయిన ప్రతివాడూ. రువాన్ చస్తే వాడి బుర్రలో ఉన్నదంతా బూడిద.

కోటు జేబులో రబ్బరు వేళ్ల తొడుగులు ఎప్పుడూ ఉంటాయి. పళ్లతో లాగి రెండు వేళ్లకి తొడిగింది. గాలి వచ్చే కంతల చుట్టూ ఉన్న ఉంగరాన్ని తిప్పి మూసింది. అయినా ఒక కంత అంచున చుక్క తల బయటపెట్టింది. ఆవగింజంత. పచ్చగా మెరుస్తోంది. పెరుగుతోంది.

ట్యాంకు తలకిందులు చేసింది.

చుక్క ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత వచ్చిన దారినే వెనక్కి, లోపలికి జారిపోయింది. ఇప్పుడు లిక్విడ్ మూతవైపు చేరింది, గాలి దూదివైపు చేరింది. ఉబ్బిన గాలి ఇక లిక్విడ్‌ను తొయ్యదు, తనే బయటికి పోతుంది. ఫ్యాక్టరీలో అడుగు కారే ట్యాంకులకు ఆమె రోజూ చేసే పనే అది. పైకి తిరిగిన అడుగుకి ఒక తొడుగు, కిందికి తిరిగిన, నోట్లో పెట్టుకునే పీకకి ఒక తొడుగు బిగించింది. అడుగుకి వేసిన తొడుగు మెల్లగా, కప్ప గొంతులా ఉబ్బింది. లోపల పొడిగానే ఉంది.

"మేడమ్, విమానంలో అది వెలిగించకూడదు," అంది ఎయిర్‌హోస్టెస్ వంగి. "అసలు ఏంటది, తలకిందులుగా?"

"మా ఆవిడకి విమానమంటే భయమండీ," రువాన్ అందుకున్నాడు. "అట్టా పట్టుకుంటే ధైర్యం."

ఆ పిల్ల జాలిగా నవ్వి మంచినీళ్లిచ్చి వెళ్లింది.

"నీ ఆవిడనా?" అంది సూచిన్ పళ్ల మధ్య నుంచి.

"చస్తే నీ చేతిలోనే చస్తాను. ఆ మాత్రం చనువు ఇవ్వవా?"

బీజింగ్ దాకా ఆమె చెయ్యి దించలేదు. మొదట నొప్పి పుట్టింది, తర్వాత తిమ్మిరెక్కింది, ఆ తర్వాత ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టయింది. అడ్డొచ్చే పనేమీ లేకపోవడంతో ఆలోచన మాత్రం నేరుగా నడిచింది. రువాన్‌ని తీసేస్తే, ఆ ఇంట్లో కోటు ముట్టుకోగలిగిన చేతులు రెండే జతలు. ఒక జత ఏది పోసినా బల్ల మీద పారేలా పోస్తుంది. ఇంకో జత ఏది పోసినా ఏడు పాళ్ల దగ్గర ఆగుతుంది.

కాదేమో అనుకోవడానికి దారులు వెతికింది. దారి పొడుగునా వెతికింది. కింద మబ్బులు తప్ప ఏమీ కనపడలేదు.

*

ట్యాంకు ల్యాబ్‌కి వెళ్లింది. రువాన్ కమిటీ ముందు కూర్చున్నాడు. వణికే చేతుల్ని కుర్చీ కింద దాచుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ముఠా స్థావరాల మీద దాడులు జరిగాయి. షెన్‌జెన్ స్టాలు యజమాని ఓడ ఎక్కుతూ దొరికాడు.

డైరెక్టరు సూచిన్‌ను పిలిచి ఆనందంగా చెప్పాడు. "ఇంటి దొంగను కూడా పట్టేశాం. డ్రైవరు పాంగ్. ఇంకా ఒప్పుకోలేదనుకో, ఒప్పుకుంటాడు."

"వదిలెయ్యండి సార్. వాడు కాదు."

"కాకపోతే ఎవరు?"

"రేపు చెబుతాను. ముందు నేను షాజింగ్ వెళ్లి రావాలి."

డైరెక్టరు ఆమె మొహంలోకి చూశాడు. ఆయనకి తెలిసిపోయింది. తెలియనట్టు ఫైలు మూసేశాడు.

*

ఆల్చిప్పల గోడల మీద పొద్దుటెండ పడుతోంది. యావ్ టీ కాచుకుంటున్నాడు. ఎదురుగా రెండో కప్పు అప్పటికే పెట్టి ఉంది.

"పాంగ్‌ను పట్టుకున్నారట," అన్నాడు.

"పాంగ్ పోసి ఉంటే ట్యాంకు పొంగి నా కోటు నిండా పారేది గురువుగారూ. ఇంటి గుమ్మం దాటకముందే చచ్చేదాన్ని."

యావ్ కూజా దించాడు.

"ఎక్కడిదాకా ఉంది?" అని అడిగాడు.

"ఏడు పాళ్లు."

ఆయన తన కుడిచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టి, పరాయిదాన్ని చూసినట్టు చూశాడు.

"మెడదాకా పోయాలని నాకు తెలుసు తల్లీ. నువ్వు చెప్పగా విన్నాను కదా. దిగేదాకా కారకూడదు. దిగాక వాడు పీల్చుకోవాలి, వాడొక్కడే పోవాలి. నీకు ఏమీ కాకూడదు. నిండా పొయ్యాలనే పోశాను. ఒట్టు. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. నేను చూసుకోలేదు."

అది అబద్ధం కాదని సూచిన్‌కు తెలుసు. అబద్ధమైతే బాగుండేదనిపించింది.

"ఎందుకు గురువుగారూ? డబ్బు ముట్టరట కదా."

"మా ఆవిడ ఊపిరితిత్తులు. పెయింటు కొట్టే షెడ్డులో పనిచేసి రాళ్లయిపోయాయి గుర్తుందా? మన ఆఫీసులో ఎన్ని గుమ్మాలు ఎక్కానో, ఎన్నిసార్లు వంగానో. వరసలో ఉండమన్నారు. ముఠావాళ్లు మాత్రం బయటి దేశంలో కొత్తవి పెట్టించారు. రెండు శీతాకాలాలు ఎక్కువ బతికింది."

ఆ రెండు శీతాకాలాలూ సూచిన్ ఈ ఇంట్లో, ఆమె చేత్తో పెట్టిన గంజి తాగింది.

"ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే ఆ ఊపిరి పీల్చేదా?"

"మరి ఫెయ్‌యెన్?"

యావ్ తల ఎత్తలేదు. "ఆ పిల్ల మన మనిషని నాకు చెప్పింది నువ్వేగా తల్లీ."

వీధిలో ఆల్చిప్పలు అమ్మేవాడు కేకేసుకుంటూ పోయాడు. సూచిన్ చెయ్యి చాచి కూజా అందుకుంది. శిష్యురాలైన నాటి నుంచీ ఆ ఇంట్లో ఆమె ఎవరికీ టీ పొయ్యలేదు. ఇప్పుడు ఆయన కప్పులో పోసింది. ఐదు పాళ్లు, ఏడు పాళ్లు, తొమ్మిది. ఆగలేదు. టీ అంచు మీద ఉబ్బి, ఇంకొక్క చుక్క పడితే పొర్లేలా నిలబడింది.

అంటే తాగి లేచి పొమ్మని.

యావ్ ఆ కప్పును చూశాడు. అర్థమైందన్నట్టు తల ఊపాడు. రెండు వేళ్లతో ఎత్తి పెదాల దాకా తీసుకెళ్లి తాగాడు. బల్ల మీద ఒక్క చుక్క పడలేదు. ఎంతైనా ఆయన చెయ్యి మంచి చెయ్యి.

లేచి, కప్పు కడిగి బోర్లించి, బయట ఆగి ఉన్న ఆఫీసు కారు దగ్గరికి నడిచాడు.

*

ఆఫీసు పరువు ఆఫీసుకి ముఖ్యం. యావ్ ముచెంగ్ అనారోగ్యం వల్ల విశ్రాంతి తీసుకుంటున్నారని నోటీసు బోర్డులో పెట్టారు. ఏ ఊళ్లో, ఎన్ని తాళాల వెనక అన్నది పెట్టలేదు. సంచుల మీద శ్రద్ధ లేనందుకు పాంగ్ ఉద్యోగం పీకేశారు. వాడు వెళ్తూ వెళ్తూ ఫ్యాక్టరీ గేటు దగ్గర సూచిన్‌ను ఆపి, "దొంగని కాదని తేల్చావు, సంతోషం అక్కా. అన్నం మాత్రం పోయింది," అన్నాడు. ఫెయ్‌యెన్ పేరు ఎక్కడా రాలేదు. గుండెపోటుతో పోయినవాళ్ల పేర్లు ఎవరు రాస్తారు?

సెక్షన్లన్నింటికీ ఒక సర్క్యులర్ మాత్రం వెళ్లింది: విమాన ప్రయాణం చేయు సిబ్బంది తమ ఈ-సిగరెట్ ట్యాంకులను మెడవరకు నింపుకొనవలెను.

సూచిన్‌కు బహుమానంగా చావ్‌జౌ టీ సెట్టు వచ్చింది, నిమ్మకాయంత కప్పులతో. ఆమె దాన్ని ఫ్యాక్టరీలో తన పరీక్ష బల్ల మీద పెట్టుకుంది. కప్పుల్లో రబ్బరు వాషర్లు పోసుకుంది, అంచుదాకా, ప్రేమకి చోటు వదలకుండా.